స్వపర భేదమెరిగిన కణములు

కోనసీమలో ముక్తేశ్వరము పరిసరముల వరిచేలలో ఊద అను కలుపు మొలచును. లేతగా నున్నప్పుడు దానిని వరినుండి వేరుచేయుట సులభము కాదు. ఇట్టి చిక్కే మన దేహమునకును కలదు. రోగములతో పోరాడవలసిన కణములలో కొన్ని సొంత దేహము మీదనే తిరుగబడగలవి. వీనిని దేహము ఎట్లు ఏరుచున్నది?

రక్తములోని తెల్లకణములలో బి-లింఫోసైటులు ఒక రకము. ఇవి ఎముకల మజ్జలో పుట్టును. ఒక్కొక్క కణము పైని ఒకే విధమైన గ్రాహకములుండును. వానికి సరిపోవు పదార్థము తగిలినచో, సాధారణముగ టి-లింఫోసైటుల తోడ్పాటుతో, ఆ కణము వృద్ధిచెంది ప్రతిరక్షకములను తయారుచేయును. ఏ సూక్ష్మజీవి ఎప్పుడు వచ్చునో ముందుగా తెలియదు. కనుక ప్రతి కణము కొన్ని జన్యుఖండములను యథేచ్ఛగా కలిపి తన గ్రాహకమును నిర్మించుకొనును. జన్యుఖండములు ఇట్లు కలియుటను 1976లో నిరూపించిన సుసుము టోనెగావాకు 1987లో నోబెల్ బహుమానము లభించినది.

యథేచ్ఛగా చేసినదానిలో ప్రమాదము కూడ నుండును. మానవుని మజ్జలో అప్పుడే పుట్టిన బి-కణములలో సగమునకు పైగా స్వదేహ పదార్థములకు అంటుకొనగలవని 2003లో తేలినది. వీనిని అదుపుచేయుటకు మూడు మార్గములున్నవి.

మొదటిది సవరణ. స్వదేహ పదార్థమునకు గట్టిగా అంటుకొన్న కణము జన్యుఖండములను మరల కలిపి, వేరొక గ్రాహకమును నిర్మించుకొనును. రెండవది మరణము. సవరణ ఫలింపనిచో ఆ కణము నశించును. మూడవది మౌనము. 1988లో క్రిస్టఫర్ గుడ్‌నౌ బృందము, కోడిగ్రుడ్డు తెల్లసొనలోని లైసోజైమును స్వదేహ పదార్థముగనే తయారుచేయు ఎలుకలను సృష్టించినది. వానిలో లైసోజైమును గుర్తించు బి-కణములు బ్రతికియే యున్నవి, కాని స్పందింపలేదు.

మరి ఇట్టి కణములన్నిటిని చంపివేయరాదా? అట్లు చేసినచో సూక్ష్మజీవులను గుర్తింపగల కణములును పెక్కు నశించును. అంతేగాక కొన్నిటివలన మేలున్నది. ఎలుకలలో బి-1 అను కణములు కొన్ని స్వదేహ పదార్థమును గుర్తించుటచేతనే ఎన్నుకొనబడునని 1999లో కనుగొనిరి. బి-1 కణముల ప్రతిరక్షకములు కొన్ని, చనిపోవు కణములకు అంటుకొని వానిని తొలగించుటకు తోడ్పడును. కనుక ఈ ఎన్నికలో కొట్టివేతయే కాదు, కోరి నిలుపుకొనుటయు కలదు.

అదుపు తప్పినప్పుడు వ్యాధి కలుగును. రుమటాయిడ్ కీళ్ళవాతమున పెక్కురు రోగులలో, సొంత ప్రతిరక్షకములకే అంటుకొను ప్రతిరక్షకములు కనబడును. ఈ వ్యాధికి నేడు ముఖ్యౌషధములలో ఒకటియైన మెథోట్రెక్సేటు, భీమవరమున జన్మించిన యల్లాప్రగడ సుబ్బారావు (1895–1948) నాయకత్వమున అమెరికాలోని లెడర్లీ ప్రయోగశాలలో సాగిన ఫోలిక్ ఆమ్ల పరిశోధనల ఫలితము. బి-కణములను తొలగించు రిటుక్సిమాబు 2006లో ఈ వ్యాధికి అమెరికాలో అనుమతి పొందినది. ఈ కణములకు వ్యాధిలో పాత్ర కలదనుటకు అది ఫలించుటయే నిదర్శనము.

కీళ్ళు వాచి, ప్రతి ఉదయము చాలసేపు బిగుసుకొని యుండుట వారములకొలది సాగినచో, వయోధర్మమని ఊరకుండరాదు. తొలిదశలోనే చికిత్స జరిగినచో కీళ్ళు వంకరపోకుండ కాపాడుకొను అవకాశము హెచ్చు.