దారం లేని పతంగి

"సార్, పతంగికి దారం ఉంది. డ్రోన్‌కేముంది?"

హైదరాబాద్ పాతబస్తీ శాలిబండలో మా మిద్దె మీద పక్కింటి పిల్లవాడు అడిగాడు. చేతిలో దారం చుట్టిన చరఖా ఉన్నా కళ్లు నా ఫోన్ మీదే. అందులో అమెరికాలోని ఆండోవర్ ఊరు. 2022 ఏప్రిల్ 29న అక్కడ విరుచుకుపడ్డ టోర్నడోను, తుపానుల వెంట తిరిగే రీడ్ టిమ్మర్ డ్రోన్‌తో తీశాడు. చెక్కలూ రేకులూ గిరగిరా లేచిపోతున్నాయి. బొమ్మ మాత్రం అదరదు.

వాడి ప్రశ్నకు జవాబు డ్రోన్ పొట్టలోని మినపగింజంత చిప్‌లో ఉంది. పాతకాలపు జైరోస్కోప్‌లో బొంగరం తిరిగేది. ఇందులో తిరిగేదేమీ లేదు. సన్నని స్ప్రింగుల మీద వేలాడే సిలికాన్ ముక్క ఒకటి సెకనుకు వేల సార్లు అటూ ఇటూ ఊగుతుంటుంది. గాలి దెబ్బకు డ్రోన్ గిరుక్కున తిరిగిందా, ఆ ఊగే ముక్క ఒకింత పక్కకు జరుగుతుంది. పక్కనున్న పలకలకూ దానికీ మధ్య ఎడం మారుతుంది, దాంతో కెపాసిటెన్స్ మారుతుంది. ఆ తేడా చూసి ఏ రెక్కను ఎంత వేగంగా తిప్పాలో ప్రాసెసర్ క్షణంలో తేలుస్తుంది. డ్రోన్ కుడికి ఒరిగితే కెమెరాను పట్టుకున్న గింబల్ చట్రంలోని మోటార్లు దాన్ని అంతే ఎడమకు తిప్పుతాయి.

ముక్కను పక్కకు నెట్టేది కోరియోలిస్ ప్రభావం. దాన్ని ఫ్రెంచి శాస్త్రవేత్త కోరియోలిస్ 1835లో లెక్క కట్టాడు. బంగాళాఖాతంలో తుపాను గాలులను అపసవ్యంగా సుడి తిప్పేదీ అదే! హుద్‌హుద్‌ తుపానును తిప్పిన సూత్రమే డ్రోన్‌ను నిలబెడుతోందంటే నాకు ఇప్పటికీ ముచ్చటేస్తుంది. (టోర్నడో సంగతి వేరు. ఎత్తును బట్టి మారే గాలుల వల్ల దానికి సుడి పుడుతుంది.)

అలాగని డ్రోన్ తుపానులోకే దూరదు. మామూలు కెమెరా డ్రోన్ సెకనుకు 10, 12 మీటర్ల గాలిని తట్టుకుంటుంది. 2014 అక్టోబర్ 12న విశాఖ మీద హుద్‌హుద్ గాలి సెకనుకు దాదాపు 50 మీటర్లు. అందుకే తుపాను వేటగాళ్లు సుడికి ఎడంగానే ఎగరేస్తారు.

అసలు చిక్కు తిరుగు ప్రయాణంలో ఉంది. డ్రోన్ వేగం సెకనుకు 16 మీటర్లు, గాలి 12 అనుకోండి. గాలివాటున నిమిషంలో 1,680 మీటర్లు పోతుంది. తిరిగి రావాలంటే మిగిలేది సెకనుకు నాలుగు మీటర్లే, అంటే ఏడు నిమిషాలు. మీరాలం చెరువు మీద నా మొదటి డ్రోన్ ఈ లెక్క తెలియకే మునిగింది. చెప్తే పిల్లవాడు నవ్వాడు: "పతంగి గూడ గంతే సార్. ఢీల్ ఇస్తే ఉరుకుతది, గుంజేటప్పుడే కష్టం."

తుపానులోకే దూరే ప్రత్యేక యంత్రాలూ ఉన్నాయి. 2005లో ఏరోసోండ్ అనే మానవరహిత విమానం ఒఫీలియా తుపానులోకి వెళ్లింది. 2021లో సెయిల్‌డ్రోన్ అనే మానవరహిత తెరచాప పడవ శామ్ హరికేన్ లోపల అలలను చిత్రించింది. వరదల్లోనూ అంతే: 2024లో బుడమేరు వాగు ముంచిన విజయవాడలో డ్రోన్లు అన్నం పొట్లాలు మోశాయి. 2020 అక్టోబర్‌లో పాతబస్తీ మునిగిన రాత్రి మాత్రం మాకు మిగిలినవి మిద్దెల మీంచి తీసిన ఫోన్ వీడియోలే.

మీరూ ఎగరేస్తారా? ముందు, ఎక్కడ ఎగరేయొచ్చో రంగుల్లో చూపే ప్రభుత్వ డిజిటల్ స్కై పటంలో మీ గల్లీ ఏ రంగులో ఉందో చూసుకోండి. మొదట గాలికి ఎదురుగా పంపండి, వచ్చేటప్పుడు గాలే తెచ్చిస్తుంది. ఉరుము వినిపిస్తే దింపేయండి.