లేని పొగను వెదకవద్దు

కరెంటు ఇంజను రైలొకటి విజయవాడ నుండి విశాఖపట్నము వెళ్తున్నది. గాలి సముద్రము వైపు నుండి బలంగా వీస్తున్నది. ఇంజను పొగ ఎటు పోతుంది?

యౌవనుల కూడికలలో ఈ చిక్కుప్రశ్న వేస్తే కొందరు కాగితము మీద బాణపు గుర్తులు గీస్తారు. కొందరు రైలు వేగమెంతో చెప్పమంటారు. ఇంతలో సండేస్కూలు పిల్లవాడొకడు, "కరెంటు ఇంజనుకు పొగ ఎక్కడిదండీ?" అంటాడు!

పెద్దలకు తెలివి లేక కాదు. ఎదుటివారు ఒక సంగతి చెప్పారంటే అది లెక్కకు పనికివచ్చేదే అని నమ్మి వింటాము. గాలి సంగతి చెప్పారు కాబట్టి గాలిని గూర్చి ఆలోచిస్తాము. చిక్కుప్రశ్న ఆ నమ్మకము మీదనే వల వేస్తుంది.

"మోషే ఓడలోనికి ఒక్కొక్క జాతిలో ఎన్ని జంతువులను తీసుకొని వెళ్లాడు?" అమెరికాలో ఎరిక్‌సన్, మాట్సన్ అను ఇద్దరు పరిశోధకులు ఈ ప్రశ్నతో చేసిన పరిశోధనను 1981లో ప్రచురించారు. ఎక్కువమంది "రెండు" అన్నారు. ఓడ నోవహుదని వారికి తెలియక కాదు. ఇదే ప్రశ్న మన మధ్య అడిగితే, వాక్యము బాగా చదివినవారు ఆదికాండము 7వ అధ్యాయము తెరచి, పవిత్ర జంతువుల లెక్క వేరు కదా అని వాదిస్తారు. లెక్క మీద వాదన పెరిగేకొద్దీ పేరు మరుగున పడిపోతుంది.

అయితే ఆలోచించుట తప్పు కాదు. షేబ రాణి వేసిన గూఢమైన ప్రశ్నలకు సొలొమోను జవాబిచ్చాడు (1 రాజులు 10). తేటగా ఉన్నదానిని మనమే గూఢము చేసుకొనుట తప్పు.

సిరియా సైన్యాధిపతియైన నయమానును చూడండి (2 రాజులు 5). యొర్దానులో ఏడుమారులు స్నానము చేయుమని ఎలీషా చెప్పి పంపితే అతనికి కోపము వచ్చింది. ప్రవక్త బయటకు వచ్చి, ప్రార్థించి, చెయ్యి ఆడించి బాగుచేస్తాడని అతడు ఊహించుకున్నాడు. మా దేశపు నదులు మంచివి కావా అన్నాడు. ఆ మాట సూటిగా అర్థము చేసుకున్నవారు అతని దాసులే. వారి మాట విన్నాడు గనుక శుద్ధుడయ్యాడు. లేనియెడల కుష్ఠుతోనే ఇంటికి వెళ్లేవాడు.

మన ఇండ్లలోనూ ఇదే జరుగుతుంది. "ఈ రోజు ఆలస్యమైందే" అని భార్య అంటే, అన్నము చల్లారుతుందన్న చింతే అందులో ఉండవచ్చు. భర్త అందులో నింద వెదకుతాడు. అత్తగారు భోజనము దగ్గర మౌనంగా ఉంటే కోడలు వారము రోజులు అర్థాలు తీస్తుంది. "అత్తయ్యా, ఒంట్లో బాగాలేదా?" అని అడిగితే నిమిషములో తేలిపోతుంది.

ప్రార్థన కొరకు మా యొద్దకు వచ్చే వారిలో కొందరు, "అయ్యగారూ, ఎన్ని ఉపవాసాలుంటే దేవుడు నన్ను క్షమిస్తాడు?" అని కన్నీటితో అడుగుతారు. ఏడా? నలువదియా? ఈ ప్రశ్నలోనే లేని పొగ ఉన్నది. ఉపవాసము మంచిదే గాని అది క్షమాపణకు వెల కాదు. పాపములు ఒప్పుకొంటే ఆయన నమ్మదగినవాడు గనుక క్షమిస్తాడని వాక్యము తేటగా చెబుతున్నది (1 యోహాను 1:9).

ప్రియ సహోదరీ సహోదరులారా, లెక్క వేయకముందు ప్రశ్నను మరొకసారి చదువుదాము. వెల చెల్లింపబడినదానికి మరల వెల అడుగకుందాము.