పసిబిడ్డ పడక ఎక్కడ?



మొదటి రాజులు 3వ అధ్యాయం అనగానే మనకు సొలొమోను తీర్పు, ఖడ్గం గుర్తుకొస్తాయి. కానీ ఆ వ్యాజ్యం ఎలా మొదలైంది? 19వ వచనం చూడండి. రాత్రివేళ ఒక తల్లి నిద్రలో తన పసిబిడ్డ మీద పడింది. బిడ్డ చనిపోయాడు. ఆమెకు బిడ్డ మీద ప్రేమ లేకనా? కాదు. పక్కలో పడుకోబెట్టుకుంది, అంతే.

ఆ ప్రమాదం నేటికీ ఉంది. బాలింతకు రాత్రి నిద్ర ఉండదు, ఒళ్లు అలసి ఉంటుంది. పక్కనున్నవారు మద్యం తాగినా, బీడీ సిగరెట్లు కాల్చినా, బిడ్డ నెలలు నిండకుండా పుట్టినా అపాయం ఇంకా ఎక్కువ.

మరి బిడ్డను ఎక్కడ పడుకోబెట్టాలి? తల్లి ఉన్న గదిలోనే, ఆమె చేతికి అందేంత దగ్గరలో, కానీ వేరే పడక మీద. కనీసం 6 నెలలు ఇలాగే చేయమని అమెరికన్ అకాడమీ ఆఫ్ పీడియాట్రిక్స్ 2022లో సూచించింది.

మొదటిది, ఆ పడక గట్టిగా, చదునుగా ఉండాలి. ఖరీదైన తొట్టి అక్కరలేదు. చాపమీద పలుచని బొంత ముడతలు లేకుండా పరిచి, దోమతెర బిగువుగా కడితే చాలు. నులక మంచం మధ్యలో కుంగుతుంది. చీర ఉయ్యాలలో బిడ్డ వంగి, గడ్డం రొమ్ముకు ఆనుతుంది, ఊపిరి ఆడే దారి ఇరుకవుతుంది. ఉయ్యాలలో జోకొట్టండి, నిద్రపోయాక తీసి చదునైన చోట పడుకోబెట్టండి.

రెండవది, పడకమీద బిడ్డ తప్ప మరేమీ ఉండకూడదు. తల గుండ్రంగా రావాలని ఆవాల దిండు పెడతారు. అది వద్దు. మెలకువగా ఉన్నప్పుడు, మీరు చూస్తుండగా, కాసేపు బోర్లా పడుకోబెట్టండి. తలకూ మెడకూ అదే మంచిది.

మూడవది, ప్రతి నిద్రకూ వెల్లకిలానే పడుకోబెట్టాలి. “పాలు కక్కితే గొంతుకు అడ్డుపడవా?” అని అమ్మమ్మలు భయపడతారు. ఆ భయం ప్రేమవల్ల కలిగినదే. అయితే బిడ్డ వెల్లకిలా ఉన్నప్పుడు ఊపిరిగొట్టం పైన, ఆహారనాళం కింద ఉంటాయి. కక్కిన పాలు పైకెక్కి ఊపిరిగొట్టంలోకి పోవడం కష్టం. 1994లో అమెరికాలో దీనిపై దేశవ్యాప్త ప్రచారం మొదలైంది. తర్వాతి సంవత్సరాలలో నిద్రలో కారణం తెలియక సంభవించే శిశుమరణాలు దాదాపు సగానికి తగ్గాయి.

తండ్రులారా, ఒక మాట మీతో. రాత్రి పాలిస్తూ తల్లి కునుకు తీస్తుంటే, లేచి బిడ్డను తీసుకొని తన పడకలో పెట్టవలసినది మీరే. సోఫాలో బిడ్డను ఎత్తుకొని నిద్రపోవడం మంచం కంటే కూడా ప్రమాదకరం.

సంఘస్థులారా, పురుడు జరిగిన ఇంటికి వెళ్లేటప్పుడు మెత్తని దిండ్ల సెట్టుకు బదులు ఒక మంచి దోమతెర తీసుకెళ్లండి. ఎందుకో ఆ అమ్మమ్మకు నెమ్మదిగా చెప్పండి.