పెట్రోలు దీపము అబద్ధమాడినప్పుడు

కళ్యాణదుర్గము నుండి రాయదుర్గము పోవు బాటమీద, వేసవి మిట్టమధ్యాహ్నమున, నా మోటారు సైకిలు నిలిచిపోయినది. టాంకులో పెట్రోలు చుక్క లేదు. పెట్రోలు తరిగినదని హెచ్చరింపవలసిన దీపము మాత్రము వెలుగుచునే యున్నది. నెల దినములుగా, టాంకు నిండుగా నున్నను, అది మందముగా వెలుగుచునే యుండుటచే దానిని లెక్కచేయుట మానితిని. ఏటికి సగటున సుమారు 550 మిల్లీమీటర్ల వాన మాత్రమే కురియు ఈ మెట్టసీమలో బండి తోయువానికి నీడ దొరకుటయు కష్టమే.

పాత బండ్లకు ఈ చిక్కు తక్కువ. ఇంజను దగ్గగానే టాంకు క్రింది కుళాయిని ‘రిజర్వు’కు త్రిప్పుకొని బంకు చేరెడివారము. 2020 ఏప్రిల్ 1 నుండి భారత్ స్టేజ్ 6 ప్రమాణములు అమలులోనికి వచ్చిన పిమ్మట, క్రొత్త బండ్లలో పెక్కింటికి పెట్రోలును పంపుతో చిమ్ము పద్ధతి వచ్చి, ఆ కుళాయి పోయినది. ఆ పంపు సాధారణముగా టాంకులోనే పెట్రోలులో మునిగి, దానివలననే చల్లబడుచుండును. కావున టాంకు ఎండుట దానికిని చేటే.

పెట్రోలు మట్టము తెలియుటకు కొన్ని బండ్లలో తేలెడు బెండు నమర్తురు. నా బండిలో ఉన్నది థర్మిస్టరు. లోహపుతీగ వేడెక్కిన కొలది దాని నిరోధము పెరుగునని విద్యార్థు లెరుగుదురు. థర్మిస్టరు దీనికి విరుద్ధము; వేడెక్కిన కొలది దీని నిరోధము తగ్గును. సిల్వర్ సల్ఫైడు ఇట్లు ప్రవర్తించుటను ఫారడే 1833లోనే గుర్తించెను.

12 వోల్టుల బాటరీ, దీపము, థర్మిస్టరు, ఈ మూడును శ్రేణిలో నుండును. చల్లని థర్మిస్టరు నిరోధము 1000 ఓములనుకొందము. ప్రవాహము సుమారు 12 మిల్లీ ఆంపియర్లగును. 3 వాట్ల బల్బు నిండుగా వెలుగుటకు 250 కావలెను గదా! 12తో దాని తంతువు ఎఱ్ఱబడనైన ఎఱ్ఱబడదు. అయినను ఆ కొద్ది ప్రవాహమే థర్మిస్టరులో 0.14 వాటు వేడి పుట్టించును. చుట్టును పెట్రోలున్నంతవరకు ఆ వేడి దానిలోనికి పోవును. మట్టము దిగి థర్మిస్టరు బయటపడినచో, చుట్టునున్న ఆవిరి ఆ వేడిని అంత త్వరగా కొనిపోలేదు. థర్మిస్టరు వేడెక్కును; నిరోధము తగ్గును; ప్రవాహము హెచ్చును; దానితో మరింత వేడెక్కును. తుదకు దీపము వెలుగును. ఇందుకు కొంతసేపు పట్టుట లోపము కాదు. గతుకులలో పెట్రోలు తొణికినప్పుడెల్ల దీపము వెలిగి ఆరకుండుటకు ఆ జాగే కారణము.

నేను మొదట మన ఎండను అనుమానించితిని. ఎండలో నిలిపిన టాంకులో పెట్రోలు వేడెక్కి, థర్మిస్టరు నిరోధమును తగ్గించినదేమో! కాని తెల్లవారుజామున చల్లని బండిలోను దీపము వెలుగుచునే యున్నది. ఎండ నిర్దోషి.

పిమ్మట టాంకు వెలుపలనున్న థర్మిస్టరు తీగల జోడును ఊడదీసితిని. దీపము ఆరినది. ఆరకుండినచో, త్రోవలో తీగ ఒరసికొని బండి చట్రమునకు తగులుచున్నదని అర్థము. దీపమువైపు తీగల కొనలు రెండును కలుపగా ప్రకాశముగా వెలిగినది. వెలుగకున్నచో బల్బునో, ఫ్యూజునో, తీగనో చూడవలెను. (ఇది దీపము, థర్మిస్టరు నేరుగా శ్రేణిలోనున్న బండ్లకే చెల్లును, ముందు బండితో ఇచ్చిన పుస్తకము చూడుడు. టాంకు మూత తీసి లోపల తీగలతో పరీక్షించుట ప్రాణాంతకము.) ఇక మిగిలినది థర్మిస్టరు. దానిని విడిగా మీటరుతో కొలువగా, అరచేతి వెచ్చదనమునకే నిరోధము తగ్గినది. అదియు మంచిదే!

అప్పుడు జ్ఞప్తికి వచ్చినది. నెల క్రిందట మాడిన బల్బునకు బదులు మెకానిక్కు ఎల్.ఇ.డి. పెట్టియుండెను. అది వెలుగుటకు 250 మిల్లీ ఆంపియర్లు అక్కరలేదు, ఆరేడు చాలును. చల్లని థర్మిస్టరు గుండ వచ్చు ప్రవాహమే దానికి సరిపోయినది. అంతే కాదు, ఎల్.ఇ.డి.తో కూడియున్న నిరోధకము ప్రవాహమును సుమారు సగమునకు తగ్గించుటచే, థర్మిస్టరులో పుట్టు వేడి నాలుగవ వంతునకు పడిపోయినది. పెట్రోలు అడుగంటినను అది చాలినంత వేడెక్కదు. అందువలన నిండు టాంకుకును ఖాళీ టాంకుకును వెలుగులో భేదము కంటి కానలేదు.

పాతరకపు బల్బునే తిరిగి పెట్టించితిని. తాళము త్రిప్పగా దీపము వెలుగలేదు. పది దినముల తరువాత, అనంతపురము పొలిమేరలో, పెట్రోలు నిజముగా తరిగినప్పుడు వెలిగినది.