కాళ్లకు బ్రేస్‌లు కొత్తగా వచ్చాయా? మొదటి నెల ఇలా గడపండి

నాకు సీఎంటీ ఉందని పోయిన ఎపిసోడ్‌లో చెప్పాను కదా. అప్పటి నుంచి చాలామంది అడుగుతున్నది ఒకటే: "కాళ్లకు ఆ ప్లాస్టిక్‌వి ఏంటి? అలవాటు అవుతాయా?" ఈరోజు దాని గురించే మాట్లాడుకుందాం.

కొత్తవాళ్ల కోసం ముందు రెండు ముక్కలు. సీఎంటీ అంటే షార్కో-మరీ-టూత్. 1886లో ఈ జబ్బు గురించి రాసిన ముగ్గురు డాక్టర్ల పేర్లు అవి. జన్యువుల్లో తేడా వల్ల వస్తుంది, అంటుకోదు. వెన్నుపాము నుంచి కాళ్లకీ చేతులకీ వెళ్లే నరాలు ఏళ్ల తరబడి మెల్లగా దెబ్బతింటాయి. అన్నిటికంటే పొడవైన నరాలు పాదాలవే, అందుకే సాధారణంగా అక్కడే మొదలవుతుంది. సుమారు 2,500 మందిలో ఒకరికి ఉంటుందని అంచనా.

అడుగు వేసేటప్పుడు పాదం ముందు భాగాన్ని పైకి లేపే కండరం ఒకటుంటుంది. అది బలహీనపడితే పాదం వేలాడుతుంది. దీన్నే ఫుట్ డ్రాప్ అంటారు. గడప తగిలినా, మ్యాట్ అంచు తగిలినా పడిపోతాం. ఆ కండరం చేయాల్సిన పనిని బ్రేస్ చేస్తుంది. దీని పేరు ఏఎఫ్ఓ. అరికాలి కింద మొదలై, మడమ చుట్టూ తిరిగి, పిక్క వెనక దాకా వస్తుంది. పైన వెల్క్రో పట్టీ. నావి ప్లాస్టిక్‌వి. కార్బన్ ఫైబర్‌వి తేలిగ్గా ఉంటాయి, కాకపోతే ధర ఎక్కువ.

ఇప్పుడు అసలు విషయం. మొదటి రోజే పొద్దున్నుంచి రాత్రి దాకా వేసుకోవద్దు. నాకు చెప్పిన పద్ధతి ఇది: మొదటి రోజు ఒక గంట, తర్వాత రోజుకు కొంచెం చొప్పున పెంచుకుంటూ రెండు వారాల్లో పూర్తి రోజుకి రావాలి. ఎందుకంటే మనలో చాలామందికి పాదాల్లో స్పర్శ తక్కువ. ఒరుసుకుంటున్నా తెలియదు. నొప్పి లేదు కదా అని వదిలేస్తే అది పుండు అవుతుంది, పుండు మానడానికి వారాలు పడుతుంది.

అందుకే విప్పిన ప్రతిసారీ కాళ్లు చూసుకోండి. నొక్కుకున్న చోట ఎరుపు అరగంటలో పోతే పర్వాలేదు. పోకపోయినా, బొబ్బ వచ్చినా బ్రేస్ పక్కన పెట్టి, దాన్ని తయారుచేసిన ఆర్థోటిస్ట్ దగ్గరికి వెళ్లండి. ప్లాస్టిక్‌ని వేడి చేసి ఆ చోటు వదులు చేస్తారు. మన చామనఛాయ ఒంటి మీద ఎరుపు సరిగ్గా కనపడదు. అక్కడ నల్లబడిందా, చేత్తో ముట్టుకుంటే వేడిగా ఉందా చూడాలి. అరికాలు వంగి చూడలేకపోతే ఫోన్‌తో ఫోటో తీసుకోండి, నిన్నటి ఫోటోతో పోల్చుకోండి.

సాక్స్ మోకాలి కింద దాకా ఉండాలి, ముడతలు ఉండకూడదు. షూస్ అర సైజో, ఒక సైజో పెద్దవి కొనుక్కుని, లోపలి సోల్ తీసేస్తే బ్రేస్ పడుతుంది. మడమ ఎత్తు మారితే మోకాలి మీద భారం కూడా మారిపోతుంది, కాబట్టి ఎత్తు మడమలు వద్దు.

మన ఇళ్లల్లో వచ్చే చిక్కు వేరే. గుమ్మం దగ్గరే చెప్పులు విప్పేస్తాం కదా! ఉత్త బ్రేస్‌తో టైల్స్ మీద నడిస్తే జారిపోతుంది. నేను ఇంట్లోకని ఒక జత షూస్ విడిగా పెట్టుకున్నాను, వాటితో బయట అడుగు పెట్టను. గుడికి వెళ్తే బ్రేస్‌లు కూడా విప్పేసి, ఎవరిదైనా చెయ్యి పట్టుకుని మెల్లగా నడుస్తాను.

"ఇవి వేసుకుంటే ఉన్న బలం కూడా పోతుందేమో" అని మా అమ్మమ్మ భయం. మీ ఇంట్లో కూడా అంటారు. సీఎంటీలో కండరం తగ్గేది నరం వల్ల, బ్రేస్ వల్ల కాదు. బ్రేస్ జబ్బుని ఆపదు, కానీ పడిపోవడం తగ్గిస్తుంది, అలసట తగ్గిస్తుంది. ఫిజియో చెప్పిన స్ట్రెచింగ్, వ్యాయామాలు మాత్రం మానొద్దు.

ఇక జనం చూపులు. ప్యాంటు కింద కనపడకపోతే బస్సులో ఎవరూ సీటు ఇవ్వరు, షార్ట్స్ వేసుకుంటే అందరూ "యాక్సిడెంటా?" అంటారు. "కాదండీ, నరాల జబ్బు, ఇవి ఉంటే బాగా నడుస్తాను" అంటాను. అంతే, మాట అక్కడితో అయిపోతుంది.

పడి ఎముక విరిగాక వేసుకుందాం అనుకోకండి. తరచూ తట్టుకుంటుంటే ఇప్పుడే న్యూరాలజిస్ట్‌ని అడగండి. వచ్చే ఎపిసోడ్‌లో చేతుల గురించి చెప్తాను. ఉంటాను మరి, బై!