ఊబకాయుల రక్తనాళాల ఆరోగ్యం – బరువు తగ్గడం వల్ల కలిగే మార్పులు

ఉపోద్ఘాతం:
ఊబకాయాన్ని శరీర పరిమాణానికి సంబంధించిన సమస్యగా మాత్రమే చూడటం పరిపాటి. కాని దానివల్ల కలిగే తొలి నష్టాలలో ఒకటి కంటికి కనిపించని చోట, రక్తనాళాల లోపలి పొరలో మొదలవుతుంది. ఒకే కణం మందం గల ఈ పొరను ఎండోథీలియం అంటారు. ఎసిటైల్‌కోలిన్ ప్రభావంతో ధమని సడలాలంటే ఈ పొర ఉండి తీరాలని 1980లో రాబర్ట్ ఫర్చ్‌గాట్ నిరూపించారు. ఆ సడలింపునకు కారణం నైట్రిక్ ఆక్సైడ్ అని తరువాత తేలింది. ఈ పరిశోధనలకు 1998లో ఫర్చ్‌గాట్, లూయీ ఇగ్నారో, ఫెరిద్ మురాద్‌లకు నోబెల్ బహుమతి లభించింది.

నాళాలకు కలిగే నష్టం:
ఉదరభాగంలోని అవయవాల చుట్టూ పేరుకొన్న కొవ్వు నిశ్చలమైన నిల్వ కాదు. అది వాపును ప్రేరేపించే రసాయనాలను, కొవ్వు ఆమ్లాలను విడుదల చేస్తుంది. వాటి ప్రభావం వల్ల ఇన్సులిన్ పనితీరు మందగిస్తుంది, నైట్రిక్ ఆక్సైడ్ ఉత్పత్తి తగ్గుతుంది. ఉత్పత్తి అయినదానిలోనూ కొంత ఆక్సీకరణ ఒత్తిడి వల్ల నశిస్తుంది. ఫలితంగా నాళం అవసరమైనప్పుడు తగినంత విప్పారదు. కాలక్రమంలో దాని గోడ బిరుసెక్కుతుంది.

బరువు తగ్గినప్పుడు:
ముంజేతికి పట్టీ బిగించి 5 నిమిషాలు రక్తప్రవాహాన్ని ఆపి, వదిలిన తరువాత దండచేతి ధమని ఎంత విప్పారిందో అల్ట్రాసౌండ్‌తో కొలుస్తారు. బరువు తగ్గిన ఊబకాయులలో ఈ సామర్థ్యం మెరుగుపడుతుందని పలు అధ్యయనాలు చూపాయి. సగటున 1 కిలో బరువు తగ్గితే సిస్టాలిక్ రక్తపోటు సుమారు 1 మి.మీ. తగ్గుతుంది. అయితే నాళం పనితీరు కోలుకున్నంత సులువుగా గోడలో పేరుకొన్న కొవ్వు ఫలకాలు కరగవు.

పరిశీలన:
నాళాల పనితీరు మెరుగుపడితే గుండెపోట్లు తగ్గి తీరుతాయా? అమెరికాలో టైప్-2 మధుమేహం గల 5,145 మందిపై జరిగిన లుక్ అహెడ్ పరిశోధనలో ఆహార, వ్యాయామ నియమాలతో బరువు తగ్గినా, హృదయనాళ ప్రమాదాలు గణనీయంగా తగ్గలేదని 2013లో వెల్లడైంది. హృద్రోగం ఉండి మధుమేహం లేని 17,604 మందిపై జరిగిన సెలెక్ట్ పరిశోధనలో సెమాగ్లుటైడ్ ఆ ప్రమాదాలను 20 శాతం తగ్గించినట్లు 2023లో తేలింది. ఆ ప్రయోజనమంతా బరువు తగ్గడం వల్లనే కలిగిందని చెప్పలేము. కనుక సూచికలో మెరుగుదలను రోగనివారణకు రుజువుగా భావించరాదు.

ముగింపు:
భారతీయులలో తక్కువ బరువుకే ఉదరంలో కొవ్వు చేరుతుంది. అందుకే ఇక్కడ శరీర ద్రవ్యరాశి సూచిక 25కు చేరితేనే ఊబకాయంగా పరిగణిస్తారు. నడుము చుట్టుకొలతకు పురుషులలో 90, స్త్రీలలో 80 సెంటీమీటర్లు హద్దులు. కావున మన పరిశోధనలు బరువుతోపాటు నడుము కొలతను, నాళాల పనితీరును దీర్ఘకాలం గమనించడం అవసరం.