మీకు తెలుసా? తండాల్లో కిడ్నీ దిగులు

ఎన్టీఆర్ జిల్లా ఎ.కొండూరు మండలంలోని లంబాడీ తండాలను ఏళ్లుగా పీడిస్తున్న విపత్తు వరదో తుపానో కాదు, కిడ్నీ జబ్బు. శ్రీకాకుళం ఉద్దానం, శ్రీలంక ఉత్తర మధ్య రాష్ట్రం, ఎల్ సాల్వడార్ చెరకు తోటలదీ ఇదే వ్యథ. తాగునీరా, ఎండలో ఒళ్లు ఎండిపోయే కూలిపనా, నొప్పి మాత్రలా? కారణం ఇదొక్కటేనని తేలలేదు. అసలు గుబులు అక్కడే: దేనికి దూరంగా ఉండాలో తెలియదు! పైగా కిడ్నీలు చాలావరకు పాడయ్యేదాకా లక్షణాలే కనిపించవు. కనుక నిక్షేపంగా ఉన్నవాళ్లకీ కిడ్నీల పనితీరు తెలిపే క్రియాటినిన్ పరీక్షంటే భయమే. డయాలసిస్ మొదలైతే వారానికి రెండుమూడుసార్లు, ప్రతిసారీ సుమారు నాలుగు గంటలు. రోగితోపాటు తోడొచ్చినవారి కూలీ పోతుంది. డయాలసిస్ రోగుల్లో మానసిక కుంగుబాటు మామూలు జనంలో కన్నా బాగా ఎక్కువ. దాన్ని ఆరా తీసేవారు మాత్రం తక్కువ.